తెలుగు క్రైస్తవ కీర్తన: మాట నిడివి, మెట్టు నడక

మీ పాఠ్యప్రణాళికలో జాషువ ఉన్నారు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందనీ మీరు చదివే ఉంటారు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు, 18వ శతాబ్దంలో, మంగళగిరి ఆనందకవి రాసిన 'వేదాంత రసాయనం' పేరు కూడా ఎక్కడో ఒక వాక్యంలో తగిలి ఉంటుంది. ఈ రెండూ పద్యకావ్యాలు. చదువు వచ్చినవాళ్ళు చదివినవి. కానీ చదువు రానివాళ్ళు కూడా నోటికి నేర్చుకుని, వారం వారం గుంపుగా పాడుతూ, నూట యాభై ఏళ్ళకు పైగా నిలుపుకున్న క్రైస్తవ కీర్తనకు మాత్రం మన సాహిత్య చరిత్రల్లో చోటు చాలా తక్కువ. ఎందుకంటే అది "చర్చి పాట". సంగీతం వాళ్ళు సాహిత్యం అనుకున్నారు, సాహిత్యం వాళ్ళు మతం అనుకున్నారు.

ఈ పాఠంలో మతాన్ని పక్కన పెడదాం. మీది ఏ మతమైనా సరే, ఈ పాటల్ని తెలుగు పాటలుగా వినండి. మనం వేసుకునే ప్రశ్న ఒకటే: పాడేటప్పుడు తెలుగు మాట తన నిడివిని, తన బరువును నిలుపుకుంటున్నదా? ఈ ప్రశ్నతో కడప జిల్లాలోని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతాన్ని మనసులో పెట్టుకుని ముందుకు వెళదాం. ఆ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడికి ఈ పాట మూడు నాలుగు దారుల్లో వచ్చింది. వచ్చేసరికి అక్కడ వేరే పాటలు ముందే ఉన్నాయి.

పాట వచ్చిన దారి

లండన్ మిషనరీ సొసైటీ కడపలో 1822లో పని మొదలుపెట్టింది. 1850ల నుంచి జిల్లాలోని మాలపల్లెలు గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చాయి. ఆ తర్వాత జమ్మలమడుగు ఆ మిషన్‌కు ముఖ్యకేంద్రమైంది. అక్కడి క్యాంబెల్ ఆసుపత్రి 1890ల నాటిది. ప్రొద్దుటూరుకు ఉత్తరాన ముత్యాలపాడులో పని చేసినది మాత్రం ఆంగ్లికన్ సంఘమైన ఎస్.పి.జి. ఈ తేడా పాటకు సంబంధించినదే. ఆంగ్లికన్ ఆరాధనలో అచ్చువేసిన క్రమం ఉంటుంది, దానిలో పాటకు కేటాయించిన చోటు ఉంటుంది. లండన్ మిషన్ వాళ్ళది అంత కట్టుబాటు లేని ఆరాధన. ఏ పాట ఎప్పుడు పాడాలన్నది ఎక్కువగా సంఘకాపరి, సంఘం నిర్ణయించుకునే సంగతి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు లండన్ మిషన్ సంఘాలు అందులో కలిశాయి. నంద్యాల వైపు ఆంగ్లికన్లు అప్పుడు కలవలేదు, 1975 దాకా ఆగారు. ఈ రెండు అలవాట్లూ ఇప్పటికీ పక్కపక్క ఊళ్ళలో వినిపిస్తాయి.

పాటల పుస్తకం మాత్రం దాదాపు అందరిదీ ఒకటే: 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. దానిలో అందరికంటే పెద్ద పేరు పురుషోత్తమ చౌదరిది (1803–1890). పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, నూరుకు పైగా కీర్తనలు రాశారు. విశాఖపట్నం లండన్ మిషన్‌కు చెందిన పులిపాక జగన్నాథం మరొకరు. అంటే ఆంధ్రదేశపు ఈశాన్య కొసన పుట్టిన పాట పెన్నా ఒడ్డున పల్లెలకు చేరింది. చేర్చినవాళ్ళు ఎవరు? ఊరూరా తిరిగిన ఉపదేశులు, ఇళ్ళలోకి వెళ్ళి ఆడవాళ్ళకు పాట నేర్పిన బైబిలు స్త్రీలు. వాళ్ళ పేర్లు పుస్తకం మీద ఉండవు. కానీ అక్షరం రానివారికి ఒక్కొక్క చరణం చెప్పి, తిరిగి చెప్పించి, మెట్టు పట్టించినది వాళ్ళే.

ఇక్కడ ఒక తప్పు అభిప్రాయాన్ని సరిచేయాలి. కడప జిల్లా అనగానే "అన్నమయ్య పుట్టిన నేల, అందుకే ఇక్కడి క్రైస్తవ కీర్తనలో అన్నమయ్య గాలి ఉంది" అని రాసేస్తుంటారు. వినడానికి బాగుంటుంది కానీ కాలం ఒప్పుకోదు. అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులు తిరుమలలో వెలుగు చూసింది 1922లో. పురుషోత్తమ చౌదరి చనిపోయింది 1890లో. ఆయనకు తెలిసిన కీర్తన 19వ శతాబ్దంలో నలుగురి నోట ఉన్న కీర్తన. పల్లవి, అనుపల్లవి, చరణాలు అనే కట్టుబాటు ఉన్నది. కడప పల్లెలకు ముందునుంచీ తెలిసిన పాట కూడా అన్నమయ్యది కాదు. కందిమల్లాయపల్లె వీరబ్రహ్మం పేరుమీద సాగిన తత్త్వాలు, చెక్కభజన, కోలాటం. తత్త్వానికి పల్లవి ఉంది, తిరిగి అందుకునే వంత ఉంది, గురువును పిలిచే సంబోధన ఉంది. కొత్త కీర్తన వచ్చినప్పుడు పల్లె చెవికి అది పూర్తిగా పరాయిది కాకపోవడానికి ఇది కారణం.

అక్షరాల లెక్క, మాత్రల లెక్క

పుస్తకంలో రెండు జాతుల పాటలున్నాయి. ఒకటి తెలుగులోనే పుట్టిన కీర్తన. నెత్తిమీద రాగం, తాళం పేర్లుంటాయి. రెండవది ఇంగ్లీషు మెట్టుమీద కూర్చిన అనువాద గీతం. పాత మిషన్ రాతల్లో ఈ రెండింటికీ వేరువేరు పేర్లే ఉండేవి.

ఇంగ్లీషు గీతాలలో ఎక్కువగా వాడే ఒక కొలత ఉంది: పాదాలలో వరుసగా 8, 6, 8, 6 అక్షరాలు. ఇంగ్లీషులో ఇది సులువు, ఎందుకంటే దేవుడు, ప్రేమ, పాపం, వెలుగు లాంటి మాటలకు ఆ భాషలో ఒక్క అక్షరమే చాలు. తెలుగులో "పరిశుద్ధాత్ముడు" అన్న ఒక్క మాట చూడండి. ప, రి, శు, ద్ధా, త్ము, డు: ఆరు అక్షరాలు. ఒక్క మాటతో ఒక పాదం నిండిపోయింది! ఆయన ఏం చేశాడో చెప్పడానికి చోటు లేదు. అనువాదకుడు అప్పుడు విభక్తుల్ని కత్తిరిస్తాడు, క్రియను మింగేస్తాడు, సమాసం మీద సమాసం ఎక్కిస్తాడు. అనువాద గీతాలు కొన్ని తంతి వార్తల్లా వినిపించడానికి కారణం అనువాదకుడికి తెలుగు రాకపోవడం కాదు, కొలత తెలుగుది కాకపోవడం.

ఇప్పుడు అదే మాటను మాత్రలతో కొలవండి. ప (1), రి (1), శు (ద్ధకు ముందు ఉంది కనుక గురువు, 2): నాలుగు మాత్రలు. ద్ధా (2), త్ము (1), డు (1): మరో నాలుగు. చతురస్రగతిలో ఆది తాళం వేస్తూ ఈ మాట పలకండి. రెండు దెబ్బలకు సరిగ్గా సరిపోతుంది. రెండో దెబ్బ "ద్ధా" మీద, మాటలో బరువున్న చోటే పడుతుంది. ఇంగ్లీషు కొలతలో ఇరుకున పడిన మాట తెలుగు తాళంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాగితం మీద చదివితే ఈ సంగతి అర్థం కాదు, చేత్తో తాళం వేసి చూడండి.

రెండవ చిక్కు నిడివిది. ఇంగ్లీషులో అచ్చును సాగదీసినా మాట మారదు. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారుతుంది. మెట్టులో మొదటి స్వరం పొడుగ్గా ఉండి, అక్కడ "వరము" అన్న మాట పడిందనుకోండి, సంఘం "వారము" అని పాడుతుంది. "మది" పడితే "మాది" అవుతుంది. "దరి" పడితే "దారి" అవుతుంది (ఇక్కడ పొరపాటు కూడా వేదాంతానికి సరిపోతుందనుకోండి, అది అదృష్టం). పుస్తకం చూసి పాడేవాడు కన్నుతో సరిచేసుకుంటాడు. పుస్తకం లేక విని నేర్చుకున్న ముసలమ్మ "వారము" అనే నేర్చుకుంటుంది, "దేవుడు వారం ఇవ్వడమేమిటి" అని అడగదు, చర్చి మాటలు అలాగే ఉంటాయి కాబోలు అనుకుంటుంది. పాటను పాడేవారికి, పాటలోని అర్థానికి మధ్య గోడ లేచేది ఇక్కడే.

శాస్త్రీయ కీర్తనలో అచ్చుల్ని సాగదీయరా అని మీరు అడగవచ్చు. సాగదీస్తారు, మాటను విరుస్తారు కూడా. ఆ విమర్శ పెద్ద వాగ్గేయకారుల మీదా ఉంది. అయితే మంచి కీర్తనలో సాగే చోటు సాధారణంగా గురువు మీదో, మాట ముగిసిన తర్వాతో ఉంటుంది. పల్లవిని పదే పదే పాడతారు కనుక మాట ఒకసారి చెవిన పడ్డాకే సంగతులు వస్తాయి. గీతంలో మెట్టు మారదు, ప్రతి చరణానికీ అదే; మొదటి చరణంలో గురువు పడిన చోట మూడవ చరణంలో లఘువు పడితే దిక్కులేదు. కాబట్టి అనువాద గీతాన్ని అంచనా వేసేటప్పుడు మొదటి చరణాన్ని చూసి తీర్పు చెప్పకండి. మూడవ చరణానికి వెళ్ళండి, అనువాదకుడి ఓపిక ఎంతో అక్కడ తెలుస్తుంది.

ప్రాస ఎక్కడ పడాలి

ఇంగ్లీషు గీతానికి ప్రాస పాదం చివర ఉంటుంది. తెలుగుకు పుట్టుకతో వచ్చిన ప్రాస పాదంలో రెండవ అక్షరం. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక చివర ప్రాస తెలుగులో మరీ చవక: వచ్చెను, ఇచ్చెను, మెచ్చెను, తెచ్చెను. వ్యాకరణమే ప్రాసను వడ్డించేస్తుంది, కవి పడవలసిన కష్టమేమీ లేదు. కష్టం లేని చోట ఆనందమూ తక్కువ. అనువాద గీతాలలో చాలా భాగం ఈ "చెను"ల మీదే నడుస్తాయి.

కీర్తనకారులు రెండవ అక్షరాన్ని పట్టుకున్నారు. కరుణ, మరణం, శరణు, చరణం, వరము, పరము, ధరణి. ఈ మాటలన్నింటికీ రెండవ అక్షరం "ర". క్రైస్తవ కథలో ముఖ్యమైన మాటలు సగం ఈ ఒక్క ప్రాసలోనే దొరుకుతాయి! దీని ప్రయోజనం అందం ఒక్కటే కాదు. పాదం మొదట్లోనే ప్రాస పడుతుంది కనుక తర్వాతి పాదం ఎత్తుకోవడానికి అది కొక్కెంలా పనిచేస్తుంది. పుస్తకం లేనివాడికి జ్ఞాపకం తెగేది పాదం మొదట్లోనే తప్ప చివర కాదు. ముందువాడు ఎత్తుకుంటే గుంపు అందుకునే పద్ధతికి, తత్త్వాలు పాడుకున్న నోళ్ళకు, ఇది సరిగ్గా అతికింది.

ఈ భాష ఎవరిది?

ఇక్కడ కఠినమైన ప్రశ్న ఒకటి వేసుకోవాలి. పురుషోత్తమ చౌదరి భాష సంస్కృత సమాసాల భాష. పాడినవాళ్ళు కూలికి పోయే మాల, మాదిగ పల్లెల జనం. పండితుడు తన భాషను, తన భక్తి సంప్రదాయపు పదజాలాన్ని అలాగే తెచ్చి వాళ్ళ నోట పెట్టాడనీ, వాళ్ళ భాషకు చర్చిలో కూడా చోటు దొరకలేదనీ ఒక విమర్శ ఉంది. కొట్టిపారేయదగినది కాదు. జొన్నసంగటి, కరువు, వెట్టి, వలస ఈ కీర్తనల్లో కనిపించవు. పాపం ఉంది, ఆకలి తక్కువ. సేవకుడు అన్న మాట ఉంది, కానీ జీతగాడి నోట ఆ మాటకు వేరే రుచి ఉంటుందన్న స్పృహ కనబడదు.

ఆర్.ఆర్. సుందరరావు 1983లో ఇంగ్లీషులో ప్రచురించిన పరిశోధన తెలుగు కీర్తనల పుస్తకంలోని భక్తితత్త్వాన్ని వివరించింది. ఈ రంగంలో అది ముఖ్యమైన గ్రంథం. అయితే కవి ఏ సంప్రదాయం నుంచి తెచ్చుకున్నాడన్నది ఒక ప్రశ్న, పాడినవాడు దాన్ని ఏం చేసుకున్నాడన్నది ఇంకో ప్రశ్న. రెండవదే నాకు ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది.

ఆలోచించండి. సంస్కృతం చెవిన పడకూడదని గుడి బయట నిలబెట్టిన జనం కీర్తన ద్వారా "కరుణాసాగర" లాంటి సమాసాన్ని గొంతెత్తి, ఎవరి అనుమతీ లేకుండా, తమ పల్లెలో తమ చర్చిలో పాడుకున్నారు. మాట ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నది ఒక లెక్క. ఎవరికి నిషేధించిన మాట ఎవరి నోట పడిందన్నది ఇంకో లెక్క. నూట యాభై ఏళ్ళు పాడిన తర్వాత ఆ మాట చౌదరిదే అనడం పాడినవాళ్ళను లెక్కలోంచి తీసేయడమే. పైగా పాడేవాళ్ళు ఒక్క కులం వాళ్ళూ కారు. రాయలసీమలో రెడ్డి క్రైస్తవుల చరిత్ర 18వ శతాబ్దపు జెస్యూట్ల కర్ణాటక మిషన్ దాకా పోతుంది. వైద్యవిద్య తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి పనిచేసింది జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే, పులివెందుల సి.ఎస్.ఐ. చర్చిలో ఆ కుటుంబం క్రిస్మస్ ఆరాధనకు రావడం మీరు టీవీలో చూసే ఉంటారు. బెంచీ మీద ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది వేరే కథ. పాట పుస్తకం మాత్రం ఒకటే.

అయినా ఒక తీర్పు చెప్పవలసి ఉంది. నా దృష్టిలో ఈ కీర్తనల్లో ఎక్కువగా నిలిచేవి స్తుతి పాటలు కావు, సిలువ పాటలు. స్తుతి పాటల్లో విశేషణాలు వరుసకట్టి నిలబడతాయి, ఒకటి తీసి ఇంకొకటి పెట్టినా తేడా తెలియదు. శ్రమకాలంలో పాడే సిలువ పాటల్లో ఎదుట ఒక మనిషి ఉంటాడు, దెబ్బలుంటాయి, చూస్తున్నవాళ్ళుంటారు. అక్కడ పండితకవి భాష కూడా తనంతట తానే తేలికవుతుంది, సమాసాలు విడిపోతాయి, "నీవు" అన్న పిలుపు దగ్గరవుతుంది. చావు ఇంట్లో చనిపోయినవారిని పేరుపెట్టి పిలుస్తూ శోకాలు పెట్టే ఆడవాళ్ళకు ఆ పిలుపు కొత్త కాదు.

డిసెంబరు రాత్రుల పాట

కరోల్ గురించి క్లుప్తంగా. అన్ని ఇంగ్లీషు మెట్లూ తెలుగుకు పనికిరావని పైన చెప్పినదాన్ని బట్టి అనుకోకండి. ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో 1818 క్రిస్మస్ ముందురాత్రి మొదటిసారి పాడిన 'సైలెంట్ నైట్' తీసుకోండి. దాని ఎత్తుగడ పొడుగు, పొట్టి, తర్వాత నిలుపు. మాత్రల్లో చెప్పాలంటే రెండు, ఒకటి, మూడు. తెలుగులో "రాత్రి" అన్న మాట చూడండి: రా (2), త్రి (1). మెట్టుకు మాట పుట్టినట్టుంది. మొత్తం నడక తిశ్రగతి, అది కోలాటం ఆడే కాళ్ళకు తెలిసిన నడకే. ఈ కరోల్ తెలుగులో ఇంత సుఖంగా స్థిరపడడానికి మంచి మెట్టు కావడం ఒక్కటే కారణం కాదు, తెలుగు మాటకు సరిపోయే మెట్టు కావడం అసలు కారణం.

దీనికి భిన్నంగా నేహమ్ టేట్ 1700లో ప్రచురించిన గొల్లల కరోల్ పైన చెప్పిన 8, 6, 8, 6 కొలతది. అది దెబ్బకు ముందే, బరువులేని అక్షరంతో మొదలవుతుంది. తెలుగు మాటకు బరువు మొదటి అక్షరం వైపు ఉంటుంది. అందువల్ల తెలుగు మాటలు పెట్టి పాడినప్పుడు గుంపులో సగం మంది ముందు, సగం మంది వెనుక ఎత్తుకుంటారు. విషయం చూస్తే గొల్లలు, గొర్రెలు, రాత్రి కాపలా; పులివెందుల చుట్టుపక్కల పల్లెలకు ఇంతకంటే తెలిసిన దృశ్యం లేదు. అదే కథను చెక్కభజన మెట్టులో పాడితే ఎవరికీ ఎత్తుగడ చెప్పనక్కర లేదు. మంచు గురించిన కరోల్స్ సంగతి వేరు. ఆ మంచు మనకు కురవదు. తెలుగులో "మంచు" అనగానే తెల్లవారుజామున శనగచేను మీద తడి గుర్తొస్తుంది. అనువాదకుడు అనుకోకుండా ఒక కొత్త దృశ్యం కట్టాడు, అది నష్టమేమీ కాదు.

కీబోర్డు వచ్చాక

పుస్తకంలో పాట నెత్తిన రాగం పేరు ఉంటుంది. చర్చిలో పాడే మెట్టు చాలాచోట్ల ఆ రాగంలో ఉండదు. ఇది పతనమని బాధపడేవారున్నారు. నేను అంత బాధపడను. అచ్చయిన రాగం కవి ఉద్దేశం, పాడే మెట్టు సంఘం నిర్ణయం. నోటినుంచి నోటికి వచ్చే పాటలో రెండవదే గెలుస్తుంది. ఒక పాట వరుసమీద ఇంకో పాట కట్టడం, అంటే వర్ణమెట్టు, మనకు పాత అలవాటే. కాబట్టి సినిమా మెట్టుమీద కొత్త పాట కట్టారన్న ఒక్క కారణంతో దాన్ని తక్కువ చేయకండి.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. హార్మోనియం, డోలక్, కంజిర, తాళాలు పాడేవాడి ఊపిరి కోసం ఆగేవి. కీబోర్డులో ముందే నింపిన తాళం ఆగదు. అది ఎక్కువగా నాలుగు దెబ్బల నడకనే ఇస్తుంది. రూపకంలోనో, చాపులోనో ఉన్న పాత కీర్తనను ఆ నాలుగులో కూర్చాలంటే ఒక అక్షరం సాగాలి, ఒక అక్షరం నలగాలి. "వరము" మళ్ళీ "వారము" అవుతుంది. పూర్వం పరాయి మెట్టు చేసిన పనినే ఇప్పుడు యంత్రం చేస్తున్నది, ఈసారి అనువాద గీతానికి కాదు, సొంత కీర్తనకు. దీనికి తోడు సమయం చాలదని పల్లవి, రెండు చరణాలు పాడి ఆపేస్తారు. సిలువ పాటలో మూడవ చరణానికి గాని కథ కొండ ఎక్కదు.

అభ్యాసం

మీ ఊరిలో లేదా దగ్గరి ఊరిలో యాభై ఏళ్ళు దాటిన, పుస్తకం చూడకుండా పాడగల ఒకరిని కలవండి. మీరు క్రైస్తవులు కాకపోతే పొరుగువారిని మర్యాదగా అడగండి, కాదనరు. ఒక కీర్తన, ఒక అనువాద గీతం పూర్తిగా పాడమనండి. ఆమెగాని ఆయనగాని పాడిన మాటను విన్నది విన్నట్టు రాసుకోండి, పుస్తకంలో ఉన్నట్టు కాదు. తర్వాత పుస్తకంతో పోల్చి, హ్రస్వం దీర్ఘమైన చోట్ల కింద గీత గీయండి. ప్రతి గీత దగ్గరా తప్పు పాడినవారిదా, మెట్టుదా, కవిదా అని ఒక్కొక్క వాక్యంలో రాయండి. రెండు పాటల్లో గీతలు ఎన్నెన్ని వచ్చాయో లెక్కపెట్టి, ఆ కాగితాన్ని సంపర్క తరగతికి తీసుకురండి. పాట అక్కడ చదవడం కాదు, తాళం వేస్తూ పాడి వినిపించాలి.